నాలుగో స్పీడ్‌లోనే తిరిగే హీటరు ఫ్యాన్: రెసిస్టర్ మళ్లీ మళ్లీ ఎందుకు పోతోంది?

ప్రశ్న: మా కారు పాతది, ఇరవై ఏళ్లు దాటింది. హీటరు ఫ్యాన్‌కు నాలుగు స్పీడ్‌లు ఉన్నాయి. మొదట 1, 2 పనిచేయడం మానేశాయి. రెసిస్టర్ మార్పిస్తే బాగైంది. కొన్ని నెలలకే మళ్లీ 1, 2 పోయాయి, తర్వాత 3 కూడా పోయింది. ఇప్పుడు 4లో మాత్రమే తిరుగుతోంది. ఒక్కోరోజు పొద్దున్నే అదీ తిరగదు, డ్యాష్‌బోర్డ్ కింద చేత్తో కొడితే మొదలవుతుంది. అప్పుడప్పుడు కాలిన వాసన వస్తోంది. ముందు అద్దానికి ఆవిరి పట్టి దారి కనబడక టెన్షన్‌గా ఉంటోంది. మోటారు, రెసిస్టర్, స్విచ్ మూడూ మార్చేయాలని మెకానిక్ అంటున్నారు. మూడూ నిజంగా పాడయ్యాయా? నా దగ్గర మల్టీమీటర్ ఉంది, వైరింగ్ కొద్దిగా తెలుసు. నేనే చూసి తేల్చుకోగలనా?

సమాధానం: తేల్చుకోగలరు. ఏ స్పీడ్ ముందు పోయింది, ఏది తర్వాత పోయింది అన్నది మీరు వరుసగా రాశారు కాబట్టి సగం పని ఇప్పటికే అయింది. నా అంచనా ముందే చెప్తాను. మీ మోటారు అరిగిపోయి, లాగాల్సిన దానికంటే ఎక్కువ కరెంటు లాగుతోంది. ఆ కరెంటుకు, ఫ్యాన్ వేగం తగ్గించడానికి పెట్టే రెసిస్టర్ కాలిపోతోంది. రెసిస్టర్‌కు వెళ్లే కనెక్టర్ కూడా ఈపాటికి కమిలి ఉంటుంది. స్విచ్ మీద నాకు పెద్దగా అనుమానం లేదు. అయితే ఇది అంచనా మాత్రమే. దీన్ని నమ్మి పార్టులు కొనకండి, కింద చెప్పిన కొలతలు తీసుకున్నాక కొనండి.

అన్నిటికన్నా ముందు ఆ కాలిన వాసన సంగతి. దాని కారణం తెలిసేవరకు, కింది కొలతల కోసం తప్ప ఫ్యాన్ వాడకండి. రెసిస్టర్ తీగచుట్టలు గాలి గొట్టం లోపలే ఉంటాయి. వాటి మీద ఎండుటాకులు, దూది లాంటి చెత్త చేరితే రాజుకునే ప్రమాదం ఉంది. అలాగే ఫ్యూజు పోతుంటే అంతకంటే పెద్ద ఫ్యూజు వేయడం, రెసిస్టర్ మీద ఉండే థర్మల్ ఫ్యూజును (మరీ వేడెక్కితే తెగిపోయేది) వైరుతో కలిపేయడం లాంటివి ఎవరు సలహా ఇచ్చినా చేయకండి. వైరు కాలకముందే తాను తెగిపోవడం ఫ్యూజు పని. దాన్ని పక్కకు తప్పిస్తే తర్వాత కాలేది డ్యాష్‌బోర్డ్ వెనకున్న వైర్ల కట్ట.

ఇక ఈ ఫ్యాన్ ఎలా పనిచేస్తుందో కొంచెం చూద్దాం. ఇది తెలిస్తే కొలతలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. లోపల ఉండేది కార్బన్ బ్రష్‌లున్న (తిరిగే భాగానికి ఒరుసుకుంటూ కరెంటు అందించే ముక్కలు) మామూలు డీసీ మోటారు. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక, ఎడమో కుడో, డ్రైవరు కూర్చోని వైపు ఉంటుంది. హీటరుకు, ఏసీకి, ముందు అద్దం ఆవిరి పోగొట్టడానికి అదే ఫ్యాన్. మోటారుకు పూర్తి బ్యాటరీ వోల్టేజి ఇస్తే పూర్తి వేగంతో తిరుగుతుంది, అదే మీ 4. వేగం తగ్గించడానికి మధ్యలో రెసిస్టర్ పెడతారు. అందులో మూడు తీగచుట్టలు ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి. 3లో పెడితే కరెంటు ఒక్క చుట్టలోంచి వెళ్తుంది, 2లో రెండు చుట్టల్లోంచి, 1లో మూడింట్లోంచి. 4లో మాత్రం రెసిస్టర్‌తో పని లేదు, దాన్ని దాటి నేరుగా పోతుంది.

ఇప్పుడు మీ ఉత్తరంలోని వరుసను దీని పక్కన పెట్టి చూడండి. మధ్య చుట్ట తెగితే 1, 2 రెండూ పోతాయి, 3 మిగులుతుంది. తర్వాత 3కు సంబంధించిన చుట్టో, థర్మల్ ఫ్యూజో తెగితే 3 కూడా పోయి, 4 ఒక్కటే మిగులుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇదే. స్విచ్ పాడైతే కథ ఇలా నడవదు. స్విచ్ లోపల ఒక్కో స్పీడ్‌కు ఒక్కో కాంటాక్టు ఉంటుంది కాబట్టి 1, 3, 4 బాగా తిరుగుతూ మధ్యలో 2 ఒక్కటే పోవచ్చు. నాబ్‌ను కొంచెం అటూ ఇటూ ఆడిస్తే ఆ కాంటాక్టు తగిలి ఫ్యాన్ తిరగవచ్చు. ఇక కింది స్పీడ్‌లన్నీ ఉండి 4 ఒక్కటే పోతే చూడాల్సింది ఆ స్పీడ్ కోసం పెట్టిన రిలేను (కరెంటుతో పనిచేసే స్విచ్), అది బాగుంటే స్విచ్‌లో 4 కాంటాక్టును. అన్ని స్పీడ్‌లూ ఒకేసారి పోతే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్న చోటు చూడాలి: ఫ్యూజు, మోటారు, ఎర్త్ (కరెంటు బాడీ ఇనుము గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి). ఏ పనిముట్టూ పట్టకుండా నాబ్ తిప్పి చూస్తేనే ఇంత తెలుస్తుంది. అందుకే ఎవరైనా ఫ్యాన్ తిరగట్లేదంటే నేను ముందు అడిగేది ఏ స్పీడ్‌లో తిరగట్లేదని.

(మీ కారులో ఉష్ణోగ్రత అంకెల్లో పెట్టుకునే ఆటోమేటిక్ పద్ధతి ఉంటే ఈ లెక్క వర్తించదు. వాటిలో తీగచుట్టల బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. అది పోతే ఫ్యాన్ అసలు తిరక్కపోవచ్చు, లేదా కీ తీసినా ఆగకపోవచ్చు. మీరు నాలుగు స్పీడ్‌లన్నారు కాబట్టి మీది పాత పద్ధతే.)

రెసిస్టర్ పోయిందన్నది తేలింది. కానీ కొత్తది వేసిన కొన్ని నెలలకే మళ్లీ ఎందుకు పోయింది? అసలు ప్రశ్న ఇది. మొదటిసారి రెసిస్టర్ మార్చినప్పుడు ఎవరూ ఈ ప్రశ్న వేసుకోలేదు, అందుకే మీకు రెండోసారి ఖర్చు. రెసిస్టర్ తనంత తాను ఊరికే పోదు. దాన్ని కాల్చేవి రెండు: తనలోంచి పోయే కరెంటు పెరగడం, తనను చల్లబరిచే గాలి తగ్గడం.

కరెంటు ఎందుకు పెరుగుతుందంటే, తిరుగుతున్న మోటారు తనకొచ్చే వోల్టేజికి ఎదురుగా తానూ కొంత వోల్టేజి పుట్టిస్తుంది. ఎంత వేగంగా తిరిగితే అంత ఎదురు. ఆ ఎదురే కరెంటును అదుపులో పెడుతుంది. ఏళ్ల తరబడి తిరిగి షాఫ్ట్‌ను పట్టి ఉంచే బుష్‌లలో నూనె ఎండిపోయి పట్టేస్తే మోటారు నెమ్మదిస్తుంది. ఎదురు వోల్టేజి తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది. పూర్తిగా పట్టేసి ఆగిపోయిన మోటారైతే మామూలుగా లాగే దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే కరెంటు ఒకటిన్నర రెట్లయితే రెసిస్టర్‌లో వేడి రెండు రెట్లు దాటుతుంది. పైగా మోటారు నెమ్మదించింది కాబట్టి ఆ వేడిని తీసుకుపోయే గాలి కూడా తక్కువే. ఇక రెసిస్టర్ ఎన్నాళ్లు ఆగుతుంది?

గాలి తగ్గడం విషయంలో చాలామంది పొరబడే చోటు ఒకటుంది. క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికొచ్చే గాలిని వడగట్టేది) మూసుకుపోతే మోటారు మీద భారం పెరిగి ఎక్కువ కరెంటు లాగుతుందని అనుకుంటారు. ఈ రకం ఫ్యాన్‌లో జరిగేది దానికి ఉల్టా. గాలి అందనప్పుడు చక్రం తోయాల్సింది తక్కువ కాబట్టి మోటారు మరింత వేగంగా తిరుగుతుంది, కరెంటు కొంత తగ్గుతుంది కూడా. అయినా రెసిస్టర్ కాలిపోతుంది, ఎందుకంటే దాన్ని చల్లబరిచే గాలి రావడం లేదు. కాబట్టి ఫిల్టర్ ఉంటే తీసి చూడండి. ఫ్యాన్ చప్పుడు సన్నగా, వేగంగా వినబడుతూ గాలి మాత్రం తక్కువగా వస్తుంటే ముందు చూడాల్సింది ఫిల్టర్‌నూ, గాలి లోపలికొచ్చే జాలినీ. మీ కారంత పాత బండ్లలో చాలావాటికి అసలు ఫిల్టరే ఉండదు. ఆకులు, ఒక్కోసారి ఎలుకలు చేర్చిన చెత్త నేరుగా ఫ్యాన్ చక్రంలోకి వచ్చి చేరతాయి.

ఇక కొలతలు. మీ కారులో అసలైన సాక్ష్యం, తిరగనని మొండికేసిన పొద్దున దొరుకుతుంది. ఆ పొద్దున మాత్రం డ్యాష్‌బోర్డ్‌ను కొట్టకండి. ఒక్క దెబ్బతో మోటారు మొదలైతే కొలవడానికి ఏమీ మిగలదు, మళ్లీ అది మొండికేసే దాకా ఎదురుచూడాలి. ముందు రోజే గ్లవ్ బాక్స్ విప్పి, మోటారు కనెక్టర్ చేతికి అందేలా పెట్టుకోండి. బండిలో ఎయిర్‌బ్యాగులుంటే పసుపు రంగు కనెక్టర్ల జోలికి వెళ్లకండి, మీటర్ మొనలు కూడా వాటికి తగలనీయకండి. ఏ కనెక్టర్ విప్పాల్సి వచ్చినా బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాక విప్పండి. పాత రేడియోలు కొన్ని బ్యాటరీ తీశాక కోడ్ అడుగుతాయి, అది దగ్గర ఉంచుకోండి.

పొద్దున ఫ్యాన్ తిరగనప్పుడు కీ ఆన్ చేసి, నాబ్ 4లో పెట్టి, మోటారు కనెక్టర్‌ను ఊడదీయకుండా వెనకనుంచి, వైరు దూరే సందులోంచి మీటర్ మొనలు రెండూ రెండు వైర్లకు తగిలించండి. రెండింటి మధ్య దాదాపు 12 వోల్టులు చూపిస్తూ మోటారు తిరగడం లేదంటే ఇక వాదన లేదు, తప్పు మోటారుదే. ఇంజిను నడుస్తుంటే ఆ అంకె 13.5 నుంచి 14.4 మధ్య ఉంటుంది. సున్నాయో, ఒకటి రెండు వోల్టులో చూపిస్తే మోటారు నిర్దోషి, దానిదాకా కరెంటే రావట్లేదు. అప్పుడు నల్లమొనను బాడీ ఇనుముకు తగిలించి, ఎర్రమొనతో మోటారు వైర్లు రెండూ విడివిడిగా చూడండి. రెండింటా 12 ఉంటే ప్లస్ వచ్చింది, తెగింది ఎర్త్ వైపు. రెండింటా సున్నా ఉంటే ప్లస్సే రాలేదు. పాత బండ్లలో చాలావాటికి ప్లస్ నేరుగా మోటారుకు వచ్చి, స్విచ్చు, రెసిస్టరు ఎర్త్ వైపు ఉంటాయి. వేరే కొన్నిటిలో అవి ప్లస్ వైపు ఉంటాయి. ఒక్క వైరు మీద 12 చూసి కరెంటు వస్తోంది కదా, మోటారే పోయింది అనేసే తొందరపాటు ఇక్కడే జరుగుతుంది. అందుకే ముందు రెండు వైర్ల మధ్య కొలవమన్నాను.

కనెక్టర్ ఊడదీయకుండా అని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మల్టీమీటర్ తాను లాగే కరెంటు లేనంత తక్కువ. వైరులో ఒక్క పోగు మిగిలినా, చిలుము పట్టిన కాంటాక్టు అయినా, మోటారు ఊడదీసి చూస్తే మీటర్ నిండుగా 12 చూపిస్తుంది. 20 ఆంపియర్లు మోయాల్సి వచ్చినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. మోటారు తగిలించి ఉండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది. ఊడదీసే చూడాల్సి వస్తే మీటర్ కంటే హెడ్‌లైట్ బల్బు పెట్టి చేసుకున్న టెస్ట్ ల్యాంప్ నయం. అది నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి పాడైన లైన్‌లో మసకగా వెలుగుతుంది. ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర, ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ల దగ్గర మాత్రం ఆ ల్యాంప్ వాడకండి.

12 వోల్టులు ఉండి తిరగని మోటారును అప్పుడు కొట్టండి. డ్యాష్‌బోర్డ్‌ను కాదు, స్క్రూడ్రైవర్ పిడితో నేరుగా మోటారు డొక్క మీద మెల్లగా. దాంతో తిరిగితే చాలావరకు బ్రష్‌లు అరిగి, అవి ఒరుసుకునే రాగి భాగాన్ని (కమ్యుటేటర్‌ను) అందుకోలేకపోతున్నాయని అర్థం. మీరు చేత్తో డ్యాష్‌బోర్డ్‌ను కొట్టినప్పుడు అక్కడున్న రిలే, వైర్లు, కనెక్టర్లు అన్నీ కదులుతాయి. దేని మూలంగా మొదలైందో దాన్నిబట్టి చెప్పలేం. అందుకని విడివిడిగా ఒక్కోదాన్ని కదపండి: ముందు వైర్లు ఆడించి చూడండి, తర్వాత రిలే, ఆఖరున మోటారు. రిలే మీద అనుమానమొస్తే ఫ్యూజు బాక్సులో అదే నంబరున్న వేరే రిలేతో మార్చి చూస్తే తేలిపోతుంది.

బాగానే తిరుగుతున్న పూట కూడా ఒక కొలత తీసుకోండి. 4లో తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర ఎంత వోల్టేజి ఉంది, మోటారు వైర్ల మధ్య ఎంత ఉంది చూడండి. తేడా ఒక వోల్టు లోపు ఉంటే పాత బండికి బాగున్నట్టే. రెండు వోల్టులు దాటితే దారిలో ఏదో జాయింటు ఆ వోల్టేజిని మింగేస్తోంది. మీటర్‌ను వోల్టుల్లోనే ఉంచి, ఒక్కో జాయింటుకు ఇటో మొన అటో మొన పెట్టి చూసుకుంటూ పోండి. బాగున్న జాయింటు 0.1 వోల్టుకు మించి మింగదు.

ఈ లెక్క ఎంత ప్రమాదకరమో చూడండి. ఒక కనెక్టర్ పిన్ వదులై, తుప్పు పట్టి, 0.1 ఓమ్ అడ్డుపడుతోందనుకుందాం. మామూలు మీటర్‌తో ఓమ్‌లలో చూస్తే అది కనబడదు కూడా, ఎందుకంటే మీటర్ వైర్లకే అంతకంటే ఎక్కువ ఉంటుంది. కానీ దాంట్లోంచి 20 ఆంపియర్లు పోతే 2 వోల్టులు మింగి 40 వాట్ల వేడి పుట్టిస్తుంది. ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ కనెక్టర్‌లో గుచ్చి వదిలేసినట్టే. మీకొస్తున్న కాలిన వాసన ఇదే అయి ఉండవచ్చు. రెసిస్టర్ కనెక్టర్, మోటారు కనెక్టర్, స్విచ్ వెనక కనెక్టర్, ఫ్యూజు కాళ్లు, ఈ నాలుగూ తీసి కళ్లతో చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కరిగి పిన్ వంకరపోయినా, దాన్ని శుభ్రం చేసి మళ్లీ పెట్టడం వల్ల లాభం లేదు. వేడెక్కిన పిన్‌లో స్ప్రింగు బిగువు పోతుంది, ఇక ఎప్పటికీ గట్టిగా పట్టుకోదు. వైరు కూడా నల్లబడి ఉంటే శుభ్రమైన రాగి కనబడేదాకా కత్తిరించి, అంతే మందం వైరుతో కొత్త టెర్మినల్ వేయించాలి. గాజు గొట్టం ఫ్యూజులు, లేదా రెండు చివరలూ మొనదేలిన పాత రకం ఫ్యూజులు ఉన్న బండి అయితే వాటిని పట్టుకునే క్లిప్పులు వదులవడం, చిలుము పట్టడం చాలా మామూలు. ఫ్యూజు బాగానే కనబడుతుంది, కరెంటు మాత్రం పోదు.

రెసిస్టర్‌ను తీయడానికి సాధారణంగా రెండే స్క్రూలు. ఫ్యాన్ ఇప్పుడే వాడి ఉంటే చల్లారనివ్వండి, చర్మం ఊడేంత వేడి ఉంటుంది. మీటర్‌ను ఓమ్‌లలో పెట్టి, రెండు మొనలు ఒకదానికొకటి తగిలిస్తే వచ్చే అంకెను తీసివేసి చదవండి. బాగున్న చుట్టలు ఓమ్‌లో కొంత నుంచి రెండు మూడు ఓమ్‌ల దాకా చూపిస్తాయి. తెగిన చుట్ట అసలేమీ చూపించదు. దాన్ని బయట గాలిలో పెట్టి కరెంటు ఇచ్చి పరీక్షించకండి, ఫ్యాన్ గాలి లేకుండా క్షణాల్లో ఎర్రగా కాలుతుంది.

ఆ తర్వాత మోటారు. మూడు నాలుగు స్క్రూలు తీస్తే చాలా కార్లలో కిందికి దిగివస్తుంది. కొన్నిటిలో డ్యాష్‌బోర్డ్ అంతా విప్పాలి. మీది ఆ రకమైతే ఈ ఒక్క పని మెకానిక్‌కు వదిలేయడమే మంచిది. దించాక చక్రాన్ని వేలితో తిప్పండి. బాగున్న మోటారు తిప్పి వదిలితే కాసేపు తనంత తాను తిరుగుతుంది. గరగరమంటూ వెంటనే ఆగిపోతే బుష్ ఎండిపోయినట్టు. షాఫ్ట్ అటూ ఇటూ కదిలితే బుష్ అరిగిపోయినట్టు. చక్రంలో ఆకులుంటే తీసేయండి. చక్రానికి అతికించిన చిన్న బ్యాలెన్సు క్లిప్పులుంటే మాత్రం పీకకండి, తర్వాత డ్యాష్‌బోర్డ్ అంతా వణుకుతుంది.

మోటారు ఎంత కరెంటు లాగుతోందో కొలిస్తే అసలు విషయం తేలిపోతుంది. దీనికి మీ మల్టీమీటర్ పనికిరాదు. అందులో ఆంపియర్ల రంధ్రం సాధారణంగా 10 ఆంపియర్ల వరకే, మోటారు లాగేది అంతకు మించి. లోపలి ఫ్యూజు పోతుంది. క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) కావాలి, అదీ డీసీ కొలిచేది. చవకవి చాలావరకు ఏసీ మాత్రమే కొలుస్తాయి, అడిగి తెచ్చుకోండి. మోటారును దాని చోటులో బిగించే కొలవాలి. బయట పెట్టి తిప్పితే గాలికి అడ్డే ఉండదు కాబట్టి చక్రం ఎక్కువ గాలిని తోసి ఎక్కువ లాగుతుంది, ఆ అంకె చూసి మంచి మోటారును పారేస్తారు. 12 వోల్టుల కార్లలో 4 మీద సుమారు 15 నుంచి 25 ఆంపియర్లు మామూలే. ఫ్యూజు 30 అని రాసి ఉండి మోటారు నిలకడగా 28 లాగుతుంటే దాని పని అయిపోయింది. మొదలైనప్పుడు ఒక్క క్షణం ఎక్కువ చూపించడం సహజం, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. లారీలు, బస్సుల్లాంటి 24 వోల్టుల బండ్లకు ఈ అంకెలు సగానికి దగ్గరగా ఉంటాయి.

ఎండిన బుష్‌లో ఒక్క చుక్క పల్చటి మెషిన్ ఆయిల్ వేస్తే చప్పుడు పోయి కొన్నాళ్లు నడుస్తుంది. కొత్త మోటారు దొరకని బండ్లకు అదే దిక్కు, అందులో తప్పులేదు. కానీ తుప్పు వదిలించే స్ప్రేలు కొట్టకండి. అవి త్వరగా ఆరిపోతాయి, పైగా బ్రష్‌ల పొడితో కలిసి కమ్యుటేటర్ మీద మడ్డి కడతాయి. మీ మోటారుకు బ్రష్‌లే అరిగాయని తేలితే నూనె వల్ల ఉపయోగం లేదు. బ్రష్‌లు విడిగా దొరికి, డొక్క విప్పడానికి వీలున్న రకమైతే మార్పించవచ్చు. లేకపోతే మోటారే మార్చండి.

మోటారు బయట ఉండగానే అది ఎందుకు పాడైందో కూడా చూడండి. డొక్క మీద తుప్పు చారలు, నీటి మరకలు ఉంటే వైపర్ల కింద ఉండే నీళ్ల తూము ఆకులతో మూసుకుపోయి, వాననీరు గాలి గొట్టంలోంచి మోటారు మీద పడుతోందన్నమాట. ఆ పక్క కాళ్ల దగ్గర కార్పెట్ తడి చూస్తే తెలుస్తుంది. తూము శుభ్రం చేయకుండా కొత్త మోటారు వేస్తే దానికీ ఇదే గతి. కొన్ని మోటార్లకు చల్లబరిచే గాలి కోసం పక్కన చిన్న రబ్బరు గొట్టం ఉంటుంది. లోగడ ఎవరో విప్పి దాన్ని తిరిగి పెట్టకుండా వదిలేసిన బండ్లు ఉంటాయి. అది తన చోటులో ఉందో లేదో చూసుకోండి.

కొత్త మోటారు వేశాక గాలి నీరసంగా వస్తే కంగారు పడకండి, తిరిగే దిశ చూడండి. ప్లస్, మైనస్ మారిపోతే ఈ మోటారు ఉల్టా తిరుగుతుంది. ఈ రకం చక్రం ఉల్టా తిరిగినా గాలిని అటే తోస్తుంది, కాకపోతే చాలా తక్కువగా. అందుకే తప్పు కనిపెట్టడం కష్టం. బాడీకి ప్లస్ కలిపి ఉండే మరీ పాత బండ్లలో ఇది తరచూ జరుగుతుంది.

అద్దం ఆవిరి గురించి. దారి కనబడకుండా బండి నడపడం మాత్రం వద్దు. మోటారు మార్చేదాకా అత్యవసరమై వెళ్లాల్సివస్తే, వాసనకు కారణం దొరికి, కమిలిన కనెక్టర్లు మార్చాకే 4 వాడండి. గాలి బయటినుంచి వచ్చేలా పెట్టండి, లోపలి గాలే తిరిగేలా పెడితే తేమ పోదు. ఏసీ పనిచేస్తుంటే దాన్నీ వేయండి, అది గాలిలో తేమ లాగేస్తుంది. వేడి గాలితో కలిపి వేసినా ఫర్వాలేదు. అద్దాలు కొద్దిగా దించండి. ఇంకొకటి గమనించండి: అద్దం మీది పొర చేత్తో తుడిస్తే జిడ్డుగా ఉండి, బండిలో తీపి వాసన వస్తుంటే అది మామూలు ఆవిరి కాదు. హీటరు లోపలి చిన్న రేడియేటర్ కారి కూలెంట్ ఆవిరవుతోంది. అప్పుడు ఎన్ని ఫ్యాన్లు మార్చినా లాభం లేదు, ఆ కూలెంట్ కారి రెసిస్టర్ కనెక్టర్ మీద పడుతూ ఉండవచ్చు కూడా. కూలెంట్ మట్టం చూసుకోండి, ఇంజిను చల్లగా ఉన్నప్పుడే మూత తీయండి.

ఫ్యాన్ బాగా తిరుగుతూ గాలి వేడిగా రాకపోవడం వేరే జబ్బు. దానికి థర్మోస్టాట్, కూలెంట్, హీటరు వాల్వు చూడాలి, ఈ కొలతలేవీ పనికిరావు.

ఇక మీ మెకానిక్ గారి మాట. మూడింట్లో రెండు ఆయన సరిగ్గానే చెప్పినట్టున్నారు, కానీ కొలవకుండా చెప్పారు. రెసిస్టర్ ఎలాగూ మార్చాలి. మోటారు కొలతల్లో దొరికిపోతే దాన్నీ మార్చండి, రెండూ ఒకేసారి. కొత్త రెసిస్టర్‌ను పాత మోటారుకు తగిలిస్తే మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది. కనెక్టర్ కమిలి ఉంటే అదీ వాటితోపాటే. స్విచ్ విషయంలో, వెనక ప్లాస్టిక్ రంగు మారకుండా, ప్రతి కాంటాక్టూ 0.1 వోల్టుకు మించి మింగకుండా ఉంటే మార్చనవసరం లేదని ఆయనకు మీ కొలతలు చూపించి చెప్పండి. కింది స్పీడ్‌ల కాంటాక్టులు రెసిస్టర్ మార్చాకే కొలవగలరు, కాబట్టి స్విచ్ నిర్ణయం అప్పటిదాకా ఆపండి.

అన్నీ బిగించాక గ్లవ్ బాక్స్ వెంటనే మూసేయకండి. ఇంజిను నడుస్తుండగా ఫ్యాన్‌ను 2లో పావుగంట వదిలేసి, తర్వాత 4లో మరో పావుగంట నడిపి, కనెక్టర్లను ఒక్కొక్కటీ వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు పెట్టి ఉంచలేనంత వేడి ఏ కనెక్టర్‌లో ఉంటే దాని టెర్మినల్ అప్పుడే మార్పించి, మళ్లీ ఒకసారి నడిపి చూశాక మూసేయండి.